చట్టానికి ఊరు తోడైతేనే సమాన హక్కు
వెట్టి నాటి నుంచి పౌర హక్కుల దినం వరకు మూడు జిల్లాల అనుభవం

జనగామ: నెలకొకసారి, సాధారణంగా 30వ తేదీన, మన మండలాల్లో ఏదో ఒక గ్రామంలో పౌర హక్కుల దినం జరుగుతుంది. తహసీల్దారు, పోలీసు అధికారి వస్తారు. సర్పంచ్, కార్యదర్శి, నలుగురు పెద్దలు పంచాయతీ కార్యాలయం ముందు కూర్చుంటారు. అంటరానితనం నేరమని, రెండు గ్లాసుల పద్ధతి పాటిస్తే శిక్ష తప్పదని, ఎస్సీ, ఎస్టీలను గుడిలోకి రానివ్వకపోతే కేసు పెడతామని అధికారులు చెబుతారు. ఒక ఫొటో తీసుకుంటారు. ఆ తర్వాత ఎవరి పనికి వారు పోతారు.

ఈ సమావేశాన్ని ఒక తంతుగా చూడాలా, లేక ఊరి చేతికి వచ్చిన ఒక పనిముట్టుగా చూడాలా అన్నది నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గ్రామస్థులు ఆలోచించవలసిన విషయం. ఈ మూడు జిల్లాలలో చాలా భాగం 2016 అక్టోబర్ 11 వరకు పాత వరంగల్ జిల్లాలోనిదే. గార్ల, బయ్యారం వంటివి ఖమ్మం జిల్లా నుంచి, మహదేవపూర్, కాటారం వంటివి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి కలిశాయి. హద్దులు ఎలా మారినా, మనిషిని మనిషిగా చూడాలన్న కోరికతో ఈ గడ్డ మీద జరిగినంత పోరాటం దేశంలో మరి కొద్ది చోట్లే జరిగింది. ఆ పోరాటం మనకు నేర్పిన పాఠం ఒక్కటే. చట్టం వచ్చినంత మాత్రాన సమానత్వం రాదు. ఊరు దాని వెనుక నిలబడిన రోజునే అది అమలులోకి వస్తుంది.

ఫర్మానాలు ఉన్నా ఆగని వెట్టి

నిజాం ఏలుబడిలో మన గ్రామాల్లో వెట్టి ఎలా సాగిందో నేటి పెద్దలు తమ తాత తండ్రుల నోట వినే ఉంటారు. చాకలి గడి బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. మంగలి క్షవరం చేయాలి. గొల్ల కురుమలు పండుగకూ పెళ్లికీ గొర్రెలు ఇచ్చుకోవాలి. మాదిగలు చెప్పులు కుట్టాలి, డప్పు వేసి చాటింపు చేయాలి, అధికారుల మూటలు మోయాలి. దీనికి కూలి లేదు. ఇంట్లో చావు ఉన్నా, కడుపులో బిడ్డ ఉన్నా పిలుపు వస్తే పోవలసిందే. మాట్లాడితే ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనాలి. బాంచెన్ అంటే బానిస అని అర్థం. అంటే నోరు తెరిచిన ప్రతిసారీ తాను బానిసనని మనిషి తనకు తాను చెప్పుకోవలసి వచ్చేది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. వెట్టి నాడు కూడా చట్టబద్ధం కాదు. దానిని నిషేధిస్తూ నిజాం ప్రభుత్వమే ఫర్మానాలు ఇచ్చింది. 1921లో హైదరాబాదులో మొదలైన ఆంధ్ర జనసంఘం, ఆ తర్వాత 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ వెట్టి అక్రమమని జనానికి చెబుతూ వచ్చాయి. అయినా ఫర్మానా గడి గడప దాటి వాడకు రాలేదు. పటేల్, పట్వారీ, పోలీసు అమీను అందరూ దొర వాకిట్లోనే ఉన్నప్పుడు ఆ కాగితాన్ని చదివి వినిపించేవాడు ఎవడు?

బందగీ గెలిచిన కేసు, ఐలమ్మ నిలుపుకున్న పంట

దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెం వాసి షేక్ బందగీ కథ దీనికి నిదర్శనం. విస్నూరు దేశ్‌ముఖ్ అండ ఉన్న సోదరుడితో ఆయన భూమి విషయమై ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరకు గెలిచాడు. తీర్పు కాగితం చేతికి వచ్చింది గాని ప్రాణం దక్కలేదు. 1940ల తొలినాళ్లలో దారి కాచి ఆయనను చంపివేశారు. ఆయన కథ ఆధారంగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు ‘మా భూమి’ నాటకం రాశారు. కామారెడ్డిగూడెంలోని ఆయన సమాధిని నేటికీ జనం దర్శిస్తున్నారు.

ఆ తర్వాత కొద్ది ఏళ్లకే పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ అదే దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. చాకలి కులంలో పుట్టిన ఆమె మల్లంపల్లి భూస్వామి దగ్గర కౌలుకు తీసుకున్న భూమిని సాగు చేసింది. పంట చేతికి వచ్చే వేళకు దేశ్‌ముఖ్ దానిని కోసుకు రమ్మని మనుషులను పంపాడు. ఐలమ్మ దగ్గర డబ్బు లేదు, చదువు లేదు, కుల బలమూ లేదు. బందగీకి లేనిది ఆమెకు ఒక్కటే ఉన్నది. అది సంఘం. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలైన వారితో కలిసి సంఘం కార్యకర్తలు కదలి వచ్చి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు. కేసులు పెట్టినా, ఇంటి మీద దాడులు చేసినా ఆ గింజలు గడికి చేరలేదు. ఆమె కుటుంబం పడిన బాధలు తక్కువవి కావు. ఆమె మాత్రం 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసే వరకు తలవంచకుండా బ్రతికింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఒకే దేశ్‌ముఖ్, ఒకే కాలం, ఇంచుమించు ఒకే ప్రాంతం. ఒకరికి తీర్పు ఉన్నా తోడు లేదు. మరొకరికి తోడు దొరికింది. ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే హక్కు అంటే ఏమిటో బడికి పోని వారికి కూడా తెలుస్తుంది.

ఐలమ్మ పంట దక్కిన సంగతి ఊరూరా పాకింది. కర్రలు పట్టి తిరిగే సంఘాన్ని జనం గుత్పల సంఘం అని పిలుచుకున్నారు. ఆడవారు కారంపొడి, వడిసెల సిద్ధం చేసుకున్నారు. 1946 జూలై 4న కడవెండిలో గడి వైపు సాగిన ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. కురుమ కుటుంబానికి చెందిన దొడ్డి కొమురయ్య అక్కడికక్కడే నేలకొరిగాడు. అతని అన్న మల్లయ్య గాయపడ్డాడు. సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా కొమురయ్య పేరు నిలిచింది. ఆ తర్వాత వెట్టికి మనుషులను పిలిచే ధైర్యం ఒక్కొక్క గ్రామంలో సన్నగిల్లుతూ వచ్చింది.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిచాకిరీని నిషేధించింది. ఇంగ్లీషు పాఠంలో ఆ చోట ‘బేగార్’ అన్న మన వాడుక మాటనే ఉంచారు. పాలకుర్తి, కడవెండి వంటి గ్రామాలు ఏ మాట మీద కొట్లాడాయో ఆ మాటే దేశ రాజ్యాంగానికి ఎక్కిందన్న మాట. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

తండాకు దక్కిన గుర్తింపు

గడిని ఎదిరించిన వారిలో లంబాడీలు ముందువరుసలో ఉన్నారు. దేవరుప్పుల మండలం ధర్మపురం తండా వాసులు తాము సాగు చేసిన భూమిని దేశ్‌ముఖ్ లాక్కోబోతే నాగలి వదలలేదు. వారికి ముందు నిలిచిన జాటోత్ ఠానూ నాయక్ 1950లో ప్రాణాలు అర్పించాడు.

అయితే ఇంత చేసిన లంబాడీలకు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చోటు దొరికింది 1976 చట్ట సవరణతోనే. ఆంధ్ర ప్రాంతంలోని వారికి అంతకు ముందే ఆ గుర్తింపు ఉన్నది. కృష్ణ అవతల ఒక తీరు, ఇవతల ఒక తీరు కొన్నేళ్లు సాగింది. నేడు మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు మించి గిరిజనులే. 2009 ఎన్నికల నుంచి మహబూబాబాద్ లోక్‌సభ స్థానం గిరిజనులకు రిజర్వు అయింది.

ఊరి స్థాయిలో మార్పు 2018 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది. అప్పటి దాకా తండా అంటే పెద్ద ఊరికి ఆనుకొని ఉన్న శివారు. నల్లా కావాలన్నా, రోడ్డు కావాలన్నా పెద్ద ఊరి సర్పంచ్ దయ మీద ఆధారపడాలి. ఆ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలుగా మారాయి. రాష్ట్రం మొత్తం మీద ఇటువంటి గిరిజన పంచాయతీలు వెయ్యికి పైగా ఏర్పడ్డాయి. సొంత పంచాయతీ అంటే కార్యాలయం మీద బోర్డు మారటమే కాదు. తన వీధిలో ఏ పని ముందు జరగాలో తానే తీర్మానించుకునే హక్కు తండాకు వచ్చింది.

కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో భూమికి మరో రక్షణ ఉన్నది. దీనినే మనవారు ‘1/70’ అంటారు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించి తెచ్చిన ఈ కట్టుబాటు ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్ముకోవటం కూడా చెల్లదు. విశాఖ ఏజెన్సీకి చెందిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అటువంటి ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వరాదని చెప్పింది. చట్టం ఇంత గట్టిదే. తెల్ల కాగితం మీద చేతులు మారే భూమిని మాత్రం ఊరే కనిపెట్టాలి. ఆ వ్యవహారం రిజిస్ట్రారు కార్యాలయానికి చేరదు, చెట్టు కింద జరుగుతుంది.

పోడు హక్కు గ్రామసభ నోట

భూపాలపల్లి జిల్లాలోని మహాముత్తారం, పలిమెల వంటి అడవి మండలాల్లో బ్రతుకు ప్రశ్న పోడు భూమి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు కుటుంబానికి పది ఎకరాల దాకా హక్కు ఇస్తుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవిని నమ్ముకున్న ఇతరులకూ హక్కు ఉన్నది. రాష్ట్రంలో 2023 జూన్ 30న మొదలుపెట్టిన పంపిణీలో సుమారు లక్షా యాభై వేల మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు ఇవ్వటానికి ప్రభుత్వం పూనుకున్నది.

ఈ చట్టంలో చాలామందికి తెలియని కీలకం ఒకటున్నది. దరఖాస్తు తీసుకునేది, మొదట తేల్చేది అటవీ అధికారి కాదు, గ్రామసభ. సభకు సగం మంది హాజరు కావాలి. వచ్చిన వారిలో మూడో వంతు ఆడవారు ఉండాలి. అటవీ హక్కుల కమిటీలో మూడింట రెండు వంతులు గిరిజనులు ఉండాలి. దరఖాస్తు పరిశీలన పూర్తి అయ్యే వరకు సాగుదారును భూమి నుంచి వెళ్లగొట్టరాదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి చెప్పాలి, దాని మీద పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. సంతకాలు ఇంటింటికీ తిప్పి పెట్టించి సభ జరిగినట్లు రాసుకున్న చోట ఈ రక్షణలన్నీ పోతాయి. కనుక గ్రామసభకు పోవటం అంటే ఒక పూట కూలి పోగొట్టుకోవటం కాదు, పది ఎకరాలను కాపాడుకోవటం.

డప్పే హక్కుల గొంతు అయింది

వెట్టి రోజుల్లో డప్పు వేయటం మాదిగల మీద మోపిన చాకిరీ. 1994లో వరంగల్‌కు చెందిన మంద కృష్ణ మాదిగ మొదలైన వారు సాగించిన ఉద్యమానికి అదే ‘దండోరా’ పేరు అయింది. ఎవరు తిట్టుగా వాడినా ఆ కులం పేరునే తమ పేరు చివర గర్వంగా తగిలించుకొని వారు సభల్లో నిలబడ్డారు. ఆదివాసీల హక్కుల సంఘం ‘తుడుందెబ్బ’ అయింది. లంబాడీలది ‘నంగారా భేరి’, గొల్ల కురుమలది ‘డోలు దెబ్బ’ అయ్యాయి. నాలుగూ వాద్యాల పేర్లే. ఒకప్పుడు దొర మాటను చాటిన తోలు ఇప్పుడు సొంత మాటను చాటుతున్నది. ‘బాంచెన్’ నుంచి ఇక్కడికి రావటానికి మన గ్రామాలకు యాభై ఏళ్లు పట్టింది.

ఈ దారిలో చదువుకున్నవారు కూడా పాలు పంచుకున్నారు. హనుమకొండలో పిల్లల వైద్యుడు డాక్టర్ ఎ. రామనాథం పౌర హక్కుల సంఘం నాయకుడుగా పేదల పక్షాన నిలిచి 1985 సెప్టెంబర్ 3న తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యారు. 1991 డిసెంబర్‌లో అదే సంఘానికి చెందిన న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి హత్యకు గురయ్యారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ 2009లో చనిపోయే వరకు ఊళ్లు తిరిగి, జరిగినదాన్ని నిజనిర్ధారణ చేసి జనం ముందు పెట్టారు. ప్రభుత్వంలో ఉండి కూడా ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని జీతగాళ్ల గుడిసెల దాకా తీసుకుపోవటానికి పాటుపడ్డారు. ఈ చట్టం ప్రకారం అప్పు పేరుతో మనిషిని పనికి కట్టివేస్తే మూడేళ్ల దాకా జైలు. పాత అప్పు దానంతట అదే రద్దు అవుతుంది.

దూరదేశాల్లోనూ ఇదే గొడవ

ఇది మన ఊళ్ల బాధ మాత్రమే కాదు. అమెరికాలో నల్లజాతి వారు 1960 నాటికి కూడా దక్షిణాది రాష్ట్రాల హోటళ్లలో తెల్లవారి సరసన కూర్చొని కాఫీ తాగలేకపోయేవారు. ఆ ఏడాది ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలో తెల్లవారికి ప్రత్యేకించిన బల్ల ముందు కూర్చొని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చారు. ఆ తర్వాత వందల మంది వచ్చారు. జూలై చివరికి ఆ దుకాణం దిగివచ్చి అందరికీ ఒకే బల్ల మీద వడ్డించింది. మన చాయ్ హోటల్లో రెండు గ్లాసుల కథకూ దానికీ తేడా ఎంత?

అదే ఏడాది మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లవారు వెంట పెట్టుకు తిరగవలసిన పాసులకు వ్యతిరేకంగా గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఐక్యరాజ్యసమితి మార్చి 21ని జాతి వివక్ష నిర్మూలన దినంగా 1966లో ప్రకటించింది. అంతకు ముందు 1965లో జాతి వివక్షకు వ్యతిరేకంగా అంతర్జాతీయ ఒడంబడిక చేసింది. భారతదేశం దానిని 1968లో ఆమోదించింది. జాతి, రంగులతోపాటు ‘పుట్టుక వంశం’ పేరిట చూపే వివక్ష కూడా తప్పేనన్న మాట అందులో చేరటానికి సూచన చేసినది భారతదేశమే. కులం ఆ మాట కిందకు వస్తుందని 2002లో ఐక్యరాజ్యసమితి కమిటీ అన్నది. కులం, జాతి ఒకటి కావని మన ప్రభుత్వ వాదన. కులానికి మూలం జాతి భేదం కాదని డాక్టర్ అంబేద్కర్ కూడా రాశారు. పండితుల వాదన ఎటు తేలినా గ్రామస్థుడికి తెలిసిన నిజం మారదు. ఎక్కడ పుట్టామన్న కారణం చేత ఎవరినైనా దూరం పెట్టటం తప్పు.

ఈ కొలత మన మీద కూడా వర్తిస్తుంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తర్వాత ప్రాణభయంతో గోదావరి దాటి వచ్చిన గుత్తికోయలు భూపాలపల్లి, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా వచ్చినవారిలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. వారి భూమి, గుర్తింపు విషయాలు చిక్కుముడులే. స్థానిక గిరిజనుల భూమి హక్కుకూ, అడవి రక్షణకూ ముడిపడినవే. కాని బిడ్డకు టీకా, అంగన్‌వాడీ గుడ్డు, బడి, తాగునీరు ఇవ్వటానికి ఆ చిక్కులు అడ్డు రాకూడదు. బ్రతికే హక్కును 21వ అధికరణం ‘ప్రతి వ్యక్తికీ’ ఇచ్చింది. ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కూలీల విషయమూ ఇంతే. నిన్న శివారుగా చూడబడిన తండా, గూడెం నేడు ఇంకొకరిని శివారుగా చూడరాదు.

చట్టంలో ఏమున్నది?

1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం గుడి, బావి, హోటల్, మంగలి దుకాణం, శ్మశానం వంటి చోట్ల అంటరానితనం పాటిస్తే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, వంద నుంచి ఐదు వందల రూపాయల దాకా జరిమానా. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల హత్యాకాండ దేశాన్ని కదిలించింది. ఇంతకంటె గట్టి చట్టం కావాలన్న ఒత్తిడి పెరిగి ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమలు అవుతున్నది.

ఈ చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. అరవై రోజుల్లో కోర్టులో చార్జిషీటు వేయాలి. 2016 నాటి నిబంధనల ప్రకారం బాధితులకు నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల దాకా పరిహారం ఉన్నది. సాక్షులకు రానుపోను ఖర్చులు, రక్షణ ఇవ్వాలి. సాంఘిక బహిష్కరణ, కూలికి పిలవకుండా ఆర్థిక బహిష్కరణ చేయటం కూడా 2016 జనవరి 26 నుంచి ఈ చట్టం కింద నేరమే. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చొని కేసుల తీరు చూడాలి.

ఇన్ని ఉన్నా కేసు ఎక్కడ వీగిపోతుంది? చాలాసార్లు ఊళ్లోనే. ‘ఊరి పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం’ అని పెద్దలు కూర్చుంటారు. బాధితుడు ఎవరి చేనులో కూలికి పోతాడో వారి మీదే ఫిర్యాదు చేయవలసి వస్తుంది. సాక్షి మరునాడు అదే బోరు నీళ్లు వాడుకోవలసిన వాడు. ఇవి చిన్న ఒత్తిళ్లు కావు. అందుకే ఒక్కడే స్టేషన్‌కు పోవటానికీ, వాడ మొత్తం పోవటానికీ అంత తేడా. ఊరి పరువు తప్పును దాచటంలో లేదు, దిద్దుకోవటంలో ఉన్నదని చెప్పే నలుగురు పై కులాల వారు కూడా ఆ పక్షాన చేరితే కేసు అవసరమే రాకపోవచ్చు.

పౌర హక్కుల దినాన అడగవలసినవి

వచ్చే నెల అధికారులు ఊరికి వచ్చినప్పుడు వినటంతో సరిపెట్టకుండా అడగటం నేర్చుకోవాలి. సమావేశం పంచాయతీ కార్యాలయం ముందు కాకుండా ఎస్సీ వాడలోనో, తండాలోనో పెట్టమని ముందే కోరవచ్చు. ఊరి చాయ్ హోటళ్లు, గుడి, మంగలి దుకాణం అధికారులతో కలిసి తిరిగి చూడవచ్చు. పల్లె ప్రగతి కింద 2019 తర్వాత కట్టిన వైకుంఠధామంలో అన్ని కులాల వారికీ ఒకే గద్దె మీద దహనం జరుగుతున్నదా అని విచారించవచ్చు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె కులం చూసి ఎవరైనా బిడ్డను తినవద్దంటున్నారా అని అడగవచ్చు. కిందటి సమావేశంలో వచ్చిన ఫిర్యాదు ఏమైందో మొదట చదివి వినిపించమని పట్టుబట్టాలి. జరిగినదంతా రిజిస్టరులో రాయించి, సంతకాలు చేసి, నకలు తీసుకోవాలి. రాత లేని మాట అధికారి బదిలీతో పాటే పోతుంది.

అంబేద్కర్ యువజన సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు ఇంచుమించు ప్రతి ఊరిలో ఉన్నాయి. కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం వంటివి గ్రామాల్లో సర్వేలు చేసిన అనుభవం ఉన్నవి. ఇవి కలిసి ఏడాదికి ఒకసారి తమ ఊరి లెక్క తామే తీసుకుంటే అధికారి ముందు మాట బలంగా ఉంటుంది.

వివక్ష గాని, దాడి గాని జరిగితే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా తీసుకోవాలి. అక్కడ తీసుకోకపోతే డీఎస్పీకి, ఆపై ఎస్పీకి పంపాలి. ఆర్డీవోకు, కలెక్టర్‌కు కూడా ఒక ప్రతి ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదులకు 14566 నంబరు ఉన్నది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. దాని నంబరు 15100. ఫోను చేసేటప్పుడు పక్కన మరో ఇద్దరు నిలబడితే మంచిది. సాక్ష్యానికీ, ధైర్యానికీ ఇద్దరూ పనికి వస్తారు.